బావి గట్టు మీద ఆగిపోయాం: 108లో చేసేవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

కొత్త_ఈఎంటీ:
108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే బండిలో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్‌గా చేరి మూడు నెలలైంది. పోయిన వారం కేసు ఒకటి నిద్ర పట్టనివ్వడం లేదు. వ్యవసాయ బావి, లోపల అరుగు మీద ఆయిల్ ఇంజిను. ఇంజిను ఆగిపోయిందని ఒకతను దిగి పడిపోయాడు. అతన్ని తీద్దామని దిగిన తమ్ముడూ పడిపోయాడు. మేం వెళ్లేసరికి మూడో మనిషి నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. మా పైలట్ అన్న (బండి డ్రైవర్) అతన్ని వాటేసుకుని ఆపాడు. నేనూ దిగలేదు. ఫైర్ వాళ్లొచ్చేదాకా గట్టు మీదే. "సిలిండర్ పక్కన పెట్టుకుని చోద్యం చూస్తున్నారు" అని ఊరంతా తిట్టారు. ఇద్దరూ దక్కలేదు. మా ఆక్సిజన్ మాస్క్ పెట్టుకుని దిగుంటే?

పాతకాపు_2007:
దిగుంటే మూడో శవం నీదే తమ్ముడూ. మన మాస్క్ ముఖానికి బిగుతుగా అతుక్కోదు, పక్కల నుంచి బావిలోని విషగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. అది పైకి తెచ్చిన పేషెంటుకే. ఆ మూడో మనిషిని ఆపారు చూడు, ఆ రోజు మీరు కాపాడిన ప్రాణం అది. ఊళ్లో ఎవరూ దాన్ని లెక్కలో వేయరు, అంతే.

ఫైర్_రిటైర్డ్:
ఆయిల్ ఇంజిను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మేం దిగేది వీపున బీఏ సెట్టు (గాలి సిలిండరు, ముఖానికి బిగుతుగా అతుక్కునే మాస్కు) తగిలించుకుని, పైన తాడు పట్టే మనిషిని పెట్టుకుని. సెప్టిక్ ట్యాంకు ఇంకా మోసం. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కాసేపటికి పోతుంది. గ్యాస్ పోలేదు, మన ముక్కే చచ్చుబడింది.

రైతుబిడ్డ_నల్గొండ:
మా తాత లాంతరు దించి చూసేటోడు. దీపం ఆరకపోతే దిగేది. అది పనికిరాదా సార్?

ఫైర్_రిటైర్డ్:
దీపం ఆరితే దిగొద్దు, అంతవరకు నిజం. ఆరకపోతే దిగొచ్చు అన్నదే తప్పు. మోనాక్సైడ్ మనిషిని చంపే మోతాదులో ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇక సెప్టిక్ ట్యాంకులో మీథేన్ ఉంటే దీపానికే అంటుకుంటుంది.

పైలట్_విజయనగరం:
కరెంటు కేసులు కూడా చెప్పుకుందాం. 11 కేవీ తీగ తెగి పొలంలో పడింది, పక్కన మనిషి. జనం ఎండు కర్ర తెచ్చి ఇచ్చారు, తోసెయ్యమని. ఇంట్లో వైరుకి కర్ర సరిపోతుందేమో గానీ ఆ లైనుకి కర్రా చాలదు, మన చేతి గ్లౌజులూ చాలవు. లైను ఒకసారి ట్రిప్పయి ఆగినా సబ్‌స్టేషన్లో మళ్లీ వేస్తారు. లైన్‌మన్ వచ్చి ఏబీ స్విచ్ (స్తంభం మీద లైను కరెంటు తీసేసే స్విచ్) దించి "తీశాను" అని నోటితో చెప్పేదాకా నేను బండి దిగను. తడి నేలైతే బండి కూడా దూరంగానే ఆపుతాను. తిడతారు. తిట్టనీ.

పాతకాపు_2007:
పిడుగు కేసు మాత్రం దీనికి పూర్తిగా తిరగేత. ముట్టుకుంటే మనకూ కొడుతుందని జనం దగ్గరికే రారు. పిడుగు పడిన ఒంట్లో కరెంటు నిలవదు, వెంటనే చెయ్యి వేయొచ్చు. వాన, ఉరుము ఇంకా ఉంటే ముందు చెట్టు కింద నుంచి తప్పించాలి. ఇంకో సంగతి: ఎక్కువమంది పడ్డ చోట మామూలుగా ఊపిరీ నాడీ లేనివాళ్లని చివరికి వదులుతాం కదా, పిడుగులో ముందు చూడాల్సింది వాళ్లనే. మూలిగేవాళ్లు చాలావరకు బతికేస్తారు. గుండె ఆగినవాడికి సీపీఆర్ మొదలెడితే తిరిగొచ్చే అవకాశం ఉంది.

హైవే_ఈఎంటీ:
నా వంతు. లారీ క్యాబిన్ నుజ్జయి డ్రైవర్ తొడలు ఇరుక్కుపోయాయి. కట్టర్ వచ్చేసరికి రెండు గంటలు. మనిషి బాగానే మాట్లాడుతున్నాడు, టీ కూడా అడిగాడు. జనం క్రేన్‌తో లాగేద్దామంటారు. అలా నలిగి ఉన్న కండలోంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వస్తే, బయటికి తీసిన నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. కాల్ సెంటర్ డాక్టరుకి ఫోన్ కలిపి, ఆయన చెప్పినట్టు ముందు చేతికి సెలైన్ ఎక్కించి, తర్వాతే ఇనుము కోయించాం. నిప్పురవ్వలు పడకుండా దుప్పటి కప్పి నేను లోపల అతని పక్కనే కూర్చున్నా. టీ మాత్రం ఇవ్వలేదు, ఆపరేషన్ కేసు కదా. ఇప్పటికీ ఆ టీ బాకీ అని ఫోన్ చేస్తుంటాడు.

కొత్త_ఈఎంటీ:
అందరికీ థాంక్స్ అన్నా. ఫైర్ సార్, ఒక్కటి అడుగుతా. ఆ అరగంటలో గట్టు మీద ఉండి మేం ఏమీ చేయలేమా?

ఫైర్_రిటైర్డ్:
చేయొచ్చు. మాకు ఫోన్ చేసినప్పుడే "బావి, ఇంజిను, ఇద్దరు" అని చెప్పు, బీఏ సెట్లు చూసుకుని బయల్దేరతాం. గట్టు చుట్టూ జనాన్ని వెనక్కి జరుపు. ఎవరు ఎప్పుడు పడ్డారో టైము రాసిపెట్టు. లోపలివాళ్లకి తెలివుంటే తాడు వేసి, నడుముకు కట్టుకోమని కేకేసి, పైనుంచి లాగొచ్చు. స్ట్రెచర్, చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్ మాస్క్, సిలిండర్ విప్పి సిద్ధంగా ఉంచు. మేం పైకి అందించగానే పని నీది.

కొత్త_ఈఎంటీ:
టైము రాయలేదు సార్. ఈసారి రాస్తాను. లైన్‌మన్లు, సబ్‌స్టేషన్ల నంబర్లు రేపు తెచ్చి డాష్‌బోర్డుకి అంటిస్తానన్నాడు పైలట్ అన్న.