తొమ్మిదో తరగతికి కనీస బోధన గంటలు చట్టంలో ఉన్నాయా?

ప్రశ్న – గరివిడి తండ్రి:
మా అమ్మాయి తొమ్మిది, అబ్బాయి ఏడు, ఇద్దరూ ఒకే ఉన్నత పాఠశాలలో చదువుతున్నారు. తుఫాను సెలవులను రెండో శనివారాల్లో భర్తీ చేస్తామని చెప్పి, ఆ రోజుల్లో ఒంటిపూట బడే నడిపారు. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది, అక్కడ ఏడాదికి 75,600 నిమిషాలు బడి నడవాలని రాష్ట్ర చట్టమే చెబుతుందన్నాడు. మనకు అటువంటి లెక్క ఉందా?

జవాబు – ఆమదాలవలస మాస్టారు:
ఉందండీ, కానీ అది మీ అబ్బాయికే వర్తిస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 పనిదినాలు, 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు, 1,000 గంటలు అని ఉంది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం చేసినది కనుక ఎనిమిదో తరగతితోనే ఆగిపోతుంది. మీ అమ్మాయి విషయంలో ఏటా వచ్చే అకడమిక్ క్యాలెండరే ఆధారం.

గంటల పేరుతో అబ్బాయి తరఫున ఫిర్యాదు చేసినా నిలవడం కష్టమే. రోజుకు 45 నిమిషాల పీరియడ్లు ఏడు అనుకుంటే, 220 రోజులకు 1,155 గంటలు అవుతాయి. కొన్ని ఒంటిపూటలు పోయినా వెయ్యికి దిగువకు రాదు, రోజుల లెక్కా నిండుతుంది. అసలు నష్టం వేరే చోట ఉంది: ఒంటిపూట నడిచిన ప్రతిసారీ మధ్యాహ్నం పీరియడ్లే పోతాయి, అంటే ఆ రోజు టైమ్‌టేబుల్‌లో చివర ఉన్న సబ్జెక్టులే మళ్లీ మళ్లీ దెబ్బతింటాయి.

జవాబు – టెక్కలి పాఠకుడు:
అమెరికా అంకెలను పక్కపక్కన పెట్టేముందు వాటిలో ఏమేం కలిపారో చూడాలి. టెక్సాస్ నిమిషాల్లో భోజన విరామం, ఆటవిడుపు కూడా కలిసే ఉంటాయి. గంటల్లో చెబితే 1,260. న్యూయార్క్‌లో ఏడు నుంచి పన్నెండు తరగతులకు 990 గంటలే, కానీ అందులో భోజన సమయం లేదు. కాలిఫోర్నియాలో తొమ్మిది నుంచి పన్నెండు వరకు 64,800 నిమిషాలు, అవి తగ్గితే నిధుల్లో కోత పడుతుంది. మన చట్టం అనుబంధంలో నాకు కనిపించే లోటు అలాంటి కోత లేకపోవడమే.

గరివిడి తండ్రి:
కృతజ్ఞతలు మాస్టారూ. మీరు చెప్పినట్టే అమ్మాయి టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని చూశాను. నాలుగు రెండో శనివారాల్లోనూ పోయినవి భౌతికశాస్త్రం, సాంఘికశాస్త్రం పీరియడ్లే. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో రోజుల మాట ఎత్తకుండా, ఆ పీరియడ్ల జాబితానే ప్రధానోపాధ్యాయుల చేతిలో పెడతాను.