ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
కొత్తగా బిగించిన సిస్టమ్ అండి. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒక్కటే, గ్రాఫిక్స్ కార్డు పాతది. బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, మానిటర్‌లో ‘నో సిగ్నల్’. హెచ్‌డీఎంఐ బోర్డుకే పెట్టాను.

జవాబు (పటమట, విజయవాడ):
ముందు ఆ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి మార్చండి. 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డు మీది పోర్టు పనిచేయదు. తర్వాత బోర్డు పై మూలన, ప్రాసెసర్ దగ్గర 8 పిన్ పవర్ వైరు పెట్టారో లేదో చూడండి. అది పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, అక్కడే చాలామంది మోసపోతారు.

ప్రశ్న అడిగినవారు:
కేబుల్ మార్చాను, 8 పిన్ ఉంది. బోర్డు మీద డీర్యామ్ లైటు (ర్యామ్‌లో తేడా ఉంటే వెలిగేది) ఆరట్లేదు.

జవాబు (పటమట):
అయితే ర్యామే. ప్లగ్ తీసేసి, ర్యామ్ ఊడదీసి, కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులపండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, క్లిప్ ‘టక్’మనేదాకా నొక్కండి. బంగారు రంగు గీత ఒకవైపు ఎక్కువ కనిపిస్తే సరిగ్గా కూర్చోనట్టే.

జవాబు (లబ్బీపేట, విజయవాడ):
అప్పటికీ రాకపోతే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి, 5 నిమిషాలాగి మళ్ళీ పెట్టండి, బోర్డు సెట్టింగులు రీసెట్ అవుతాయి. ఇంకోటి, బి450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022లో. బోర్డు పాత స్టాకైతే బయాస్ (సిస్టమ్‌ని స్టార్ట్ చేసే బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఆ ప్రాసెసర్‌ని గుర్తించదు. బోర్డుకి బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే సిస్టమ్ ఆన్ కాకపోయినా పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు, లేదంటే పాత రైజెన్ పెట్టి చేయించుకోవాలి.