దసరా సంబరాల్లో ఎముకల ఆరోగ్యం స్టాల్: వాలంటీర్ల ప్లానింగ్ (రెడింగ్, ఇంగ్లండ్)

సమన్వయకర్త

అందరికీ నమస్కారం. అక్టోబరు 20 ప్రపంచ ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారి తేలిగ్గా విరిగే జబ్బు) దినం. దానికోసం విడిగా సభ పెడితే ఆరోగ్యం మీద ముందునుంచే శ్రద్ధ ఉన్నవాళ్లే వస్తారు. అందుకే బతుకమ్మ, దసరా సంబరాల రోజునే హాలు పక్కగదిలో మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు పెడదామని కమిటీలో అనుకున్నాం. మనకు ముఖ్యంగా రావలసింది యాభై దాటిన ఆడవాళ్లు, పిల్లల దగ్గరకు విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. మడమకు పెట్టి ఎముక బలం చూపించే మెషీన్ అద్దెకు తెద్దామని కొందరు అడుగుతున్నారు. తేవాలా వద్దా ఈ వారంలో తేల్చాలి.

డాక్టర్ వాలంటీరు (జీపీ)

మెషీన్ వద్దండి. మడమ అల్ట్రాసౌండ్‌తో ఆస్టియోపొరోసిస్ ఉందని గానీ, లేదని గానీ తేల్చలేం. మైనస్ 2.5 లేదా అంతకు తగ్గితే ఆస్టియోపొరోసిస్ అనే గీత తుంటికి, వెన్నుకు తీసే డెక్సా స్కాన్‌ది (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే). మడమ మెషీన్ ఇచ్చే అంకెను ఆ గీతతో పోల్చకూడదు. చీటీలో మైనస్ 1.8 అని వస్తే మనిషి భయపడి కాల్షియం డబ్బా కొనుక్కుంటారు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఇంతకుముందే జారిపడి మణికట్టు విరిగిన ఆవిడకు "నార్మల్" అని చీటీ వస్తే ఇక జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గరకే వెళ్లరు. నిజానికి ఆ విరగడమే అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక.

దాని బదులు మూడు చేద్దాం: ఫ్రాక్స్ ప్రశ్నలు, ఎత్తు కొలవడం, కుర్చీ పరీక్ష. ఫ్రాక్స్ అంటే షెఫీల్డ్ యూనివర్సిటీలో తయారై 2008లో వచ్చిన లెక్క. 40 నుంచి 90 ఏళ్ల వాళ్లకు వచ్చే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంత శాతమో చెబుతుంది. డెక్సా లేకపోయినా పనిచేస్తుంది. ఇక్కడే ఉండేవాళ్లకు దేశం దగ్గర యూకే ఎంచుకోండి, ఇక్కడి జీపీ చూసే హద్దులు దానికే సరిపోతాయి. తిరిగి వెళ్లిపోయే పెద్దవాళ్లకు ఇండియా లెక్క విడిగా ఉంది.

ప్రశ్నలు అడిగేవాళ్లు తప్పులు చేసేది ఎక్కువగా ఈ చోట్లే:

"ఆర్థరైటిస్ ఉందమ్మా" అనగానే టిక్ పెట్టకండి. ఫ్రాక్స్ అడిగేది రుమటాయిడ్ (ఒంటి రోగనిరోధక శక్తే కీళ్లను వాపుకు గురిచేసే రకం) గురించి. మోకాళ్లు అరిగినవాళ్లంతా అదే మాట చెబుతారు. చేతివేళ్ల కణుపులు వాస్తాయా, వారానికోసారి మెథోట్రెక్సేట్ లాంటి మాత్ర వేసుకుంటున్నారా అని అడగండి. కాదంటే టిక్ వద్దు.

"థైరాయిడ్ ఉంది" అన్నా అంతే. లెక్కలోకి వచ్చేది చికిత్స లేకుండా చాలాకాలం ఉండిపోయిన హైపర్ థైరాయిడ్, అంటే గ్రంథి అతిగా పనిచేసేది. మనవాళ్లలో ఎక్కువమందికి ఉండేది హైపో, అంటే తక్కువగా పనిచేసేది.

స్టెరాయిడ్ అంటే నోటితో వేసుకునేది మాత్రమే: ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ, మూడు నెలలకు పైగా. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ఆ పేరు తెలియకపోవచ్చు, వైసొలోన్, ఓమ్నాకార్టిల్ అని అడగండి. ఆస్తమా పంపు దీనికింద రాదు.

షుగర్ టైప్ 2 అయితే ఫ్రాక్స్ అసలు ప్రమాదాన్ని తక్కువగా చూపిస్తుంది. ఆ మాట జీపీకి చూపించమని వాళ్లకిచ్చే కార్డు మీద రాయండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. గర్భసంచి ఆపరేషన్ అయిందా? ఏ వయసులో? అండాశయాలు కూడా తీసేశారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, 2015–16లోనూ 2019–21లోనూ, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. చాలామందికి ముప్పైల్లోనే అయిపోయింది. అండాశయాలు కూడా తీస్తే ఆ రోజు నుంచే ఈస్ట్రోజన్ (ఎముకలను కాపాడే హార్మోను) పడిపోతుంది, ఎముక కరగడం పదిహేనేళ్లు ముందే మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి తొందరగా ఆగిపోతాయి. 45 లోపే ఆగినట్టు తెలిస్తే ఫ్రాక్స్‌లో "సెకండరీ ఆస్టియోపొరోసిస్" (వేరే కారణం వల్ల వచ్చేది) టిక్ పెట్టండి. ఏం తీశారో తెలియదంటే "తెలియదు" అని కార్డు మీద రాయండి, జీపీ అడిగి తెలుసుకుంటారు. ఇక్కడి జీపీలకు ఈ ప్రశ్న వేయాలని తట్టకపోవచ్చు. మన స్టాల్ వల్ల జరిగే అసలు మేలు ఇదే అని నా నమ్మకం.

ఈ ప్రశ్న కోడలి ముందు, కొడుకు ముందు, వరుసలో నిలబెట్టి అడిగేది కాదు. తెర కట్టిన మూల, ఆడ వాలంటీరు తప్పనిసరి.

ఫిజియో వాలంటీరు

ఎత్తు, కుర్చీ నేను చూసుకుంటాను. ఆ రోజు అందరి తలల్లో పూలు, కొప్పులు, క్లిప్పులు ఉంటాయి. కొలత బద్ద వాటి మీద ఆగితే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది, తగ్గిన ఎత్తు బయటపడదు. పూలు కాస్త పక్కకు జరిపి బద్ద నడినెత్తికి తాకేలా దించండి. చెప్పులు తీయించాలి, మడమలు గోడకు ఆనాలి, చూపు నిటారుగా ఉండాలి. వయసులో ఉన్నప్పటి ఎత్తు అడుగులు, అంగుళాల్లోనే చెబుతారు కాబట్టి సెంటీమీటర్ల పట్టిక గోడకు అంటిద్దాం. 4 సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే వెన్నుపూస నొక్కుకుపోయిందేమో చూడమని కార్డు మీద రాయాలి. చాలామందికి అది విరిగినట్టే తెలియదు, నడుంనొప్పి అనుకుంటారు. పాత ఎత్తు గుర్తులేకపోతే ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయొద్దు.

కుర్చీ పరీక్షకు చేతులు లేని కుర్చీ, 43 సెం.మీ. ఎత్తు, వెనుక గోడ ఆనుకుని ఉండాలి. మనం తీసుకునేది ప్రైమరీ స్కూల్ హాలు, అక్కడి పిల్లల కుర్చీలు పొట్టివి, వాటి మీద చేస్తే లెక్క తప్పుతుంది. మడత కుర్చీలు అసలు వద్దు, జారిపోతాయి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చున్నారో లెక్కపెట్టాలి. చేతులు ఆన్చి లేస్తే సున్నా. చీర కుచ్చిళ్లు కాలికింద పడకుండా కొంచెం పైకి దోపుకోమనండి, పక్కన ఒకరు నిలబడాలి. ఆడవాళ్లకు హద్దులు: 60–64 వయసుకు 12, 65–69కి 11, 70–79కి 10, 80–84కి 9. ఇంతకంటే తక్కువైతే పడిపోయే ప్రమాదం ఎక్కువ. మగవాళ్ల పట్టిక విడిగా ప్రింట్ చేస్తాను.

యోగా అక్కకు ఒక మనవి. స్టేజి మీద పశ్చిమోత్తానాసనం లాంటి ముందుకు వంగేవి పెట్టకండి. వెన్నుపూస ఇప్పటికే నొక్కుకున్నవాళ్లకు అవి హాని. మడమలెత్తి నిలబడటం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు, కుర్చీలోంచి నెమ్మదిగా లేవడం చాలు.

ఫార్మసీ వాలంటీరు

నాకు ఒక చిన్న బల్ల కావాలి. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులు తెచ్చుకోమని ముందే మెసేజ్ పెట్టండి.

కారణం, ఇండియా నుంచి తెచ్చే విటమిన్ డి 60,000 యూనిట్లది, వారానికి ఒకటి. ఇక్కడి డబ్బాల మీద మైక్రోగ్రాముల్లో ఉంటుంది: 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు. ఆ 60,000 అంటే 1500 మైక్రోగ్రాములు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, తికమక వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇక్కడి సలహా అక్టోబరు నుంచి మార్చి మొదటి వరకు అందరూ రోజుకు 10 మైక్రోగ్రాములు, మన చర్మం రంగువాళ్లు ఏడాది పొడవునా. డాక్టరు చెప్పకుండా రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. కిటికీ అద్దం వెనక ఎండలో కూర్చుంటే విటమిన్ డి రాదు. శాకాహారులు అడుగుతారు: మామూలు డి3 గొర్రె బొచ్చు కొవ్వు నుంచి తీస్తారు, లైకెన్ (రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే నాచులాంటిది) నుంచి తీసినవీ దొరుకుతాయి.

థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. వారానికోసారి అలెండ్రోనేట్ (ఆస్టియోపొరోసిస్ మాత్ర) వేసుకునేవాళ్లు పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఆ తర్వాత అరగంట పడుకోకూడదు, అన్నవాహికలో పుండ్లు పడతాయి. ఏ మందూ ఆపమని గానీ మొదలుపెట్టమని గానీ మనం చెప్పం.

వంటల టీమ్

రాగి జావ వంద కప్పులు, కప్పు 150 మి.లీ. రాగి పిండి 1.2 కిలోలు, పాలు 9 లీటర్లు, నీళ్లు 6 లీటర్లు. పిండిని చల్లనీళ్లలో కలిపాకే మరిగే నీళ్లలో పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పాలు విడిగా కాచి చివర్లో కలుపుతాం. బెల్లం పాకం దించాక వేస్తాం, పాలతో మరిగిస్తే విరుగుతాయి. వడ్డించేదాకా 63 డిగ్రీలకు తగ్గకూడదు. షుగర్ వాళ్లకు బెల్లం లేనిది విడిగా. నువ్వుండలు కూడా చేద్దామా?

డాక్టర్ వాలంటీరు (జీపీ)

చేయండి, కానీ వేరే బల్ల మీద పెట్టండి. నువ్వులు, పాలు, ఆవాలు ఇక్కడి 14 అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి. ఇంగువలో గోధుమ పిండి కలుపుతారు కాబట్టి తాలింపు ఉన్నదానికి గ్లూటెన్ అని కూడా రాయాలి. పోస్టర్ మీద మాత్రం ఉన్నదే చెబుదాం: ఒక కప్పు జావలో కాల్షియం సుమారు 150 మి.గ్రా., అందులో మూడింట రెండొంతులు పాలదే. పెద్దవాళ్లకు ఇక్కడ రోజుకు 700 మి.గ్రా. కావాలంటారు. పాలకూర బొమ్మ తీసేయండి, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి అందనివ్వదు.

సమన్వయకర్త

మెషీన్ లేదు, ఖాయం. మనిషికి పది నిమిషాలు, రెండు ప్రశ్నల బల్లలు, అంటే 36 టోకెన్లు. పేర్లు, వివరాలు మన దగ్గర ఏవీ దాచుకోం. రాసిన కార్డు వాళ్లతోనే వెళ్తుంది.

బ్యానర్ మీద "ఎముకల నొప్పులు" అనే మాట వద్దు, మోకాళ్ల నొప్పుల వాళ్లతోనే టోకెన్లు అయిపోతాయి. ఇలా రాద్దాం: "50 దాటాక చిన్నగా పడినా ఎముక విరిగిందా? 45 లోపే నెలసరి ఆగిందా? ఎత్తు తగ్గారా? పది నిమిషాలు లోపలికి రండి."

విజిటర్లకు కార్డు వెనక రాయాల్సింది: జీపీని చూడటం ఉచితం, ఆసుపత్రి స్కాన్‌కు డబ్బు కట్టాలి. తొందర లేనప్పుడు ఇండియా వెళ్లాక డెక్సా తీయించుకోవచ్చు, తర్వాతి ఏళ్లలో అదే మెషీన్ మీద తీయిస్తేనే పోల్చడానికి పనికొస్తుంది.

ఫిజియో వాలంటీరు

నిలువు కొలత స్టాండ్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. గోడకు టేప్ అంటించి కానిద్దామంటే ఆ గదిలో స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) ఉంది, మడమలు గోడకు ఆనవు. స్టాండ్ దొరకకపోతే తలుపు పక్కన స్కర్టింగ్ లేని ముక్క ఒకటుంది, అక్కడ అంటిస్తాను. టేప్ సున్నా సరిగ్గా నేలకు తాకిందో లేదో ఇంకొకరు చూడాలి.