"చెడు రక్తం": ఈ మాట సిరకు తగునా?

మొన్న దేవరకొండలో మా పెద్దమ్మను రక్తపరీక్షకు తీసుకెళ్లాను. సిరంజిలోకి నెత్తురు ఎక్కుతుంటే చూసి, "ఇంత నల్లగా ఉందేమి బిడ్డా?" అని అడిగింది. పరీక్ష చేసే అమ్మాయి "ఈ నరంలో వచ్చేది చెడు రక్తమే అమ్మా" అంది. ఇల్లు చేరేదాకా పెద్దమ్మ నోరు విప్పలేదు. ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని మనమంతా బడిలో వల్లె వేసినదే.

ఈ మాట పాఠాల్లోంచి పోవాలి. ప్రాణవాయువు నెత్తురు నుంచి ఒంటికి చేతులు మారేది కేశనాళికలనే అతి సన్నని రక్తనాళాల్లో. పేరుకు కేశమే గానీ అవి వెంట్రుకలో పదో వంతు సన్నం. ఎర్రకణాలు ఒకదాని వెనుక ఒకటి, ఒళ్లు వంచుకుని వాటిలో దూరుతాయి. అక్కడ ఇచ్చింది ఇచ్చాక కూడా, ఊరికే కూర్చున్న మనిషి సిరల్లోని హిమోగ్లోబిన్ (ఎర్రకణాల్లో ప్రాణవాయువును మోసే పదార్థం) 70 నుంచి 75 శాతం దాకా ప్రాణవాయువుతో నిండే ఉంటుంది. అంటే ఖర్చయింది పావు వంతు. మిగిలినది బరువులెత్తినప్పుడు అక్కరకొచ్చే నిల్వ. కండరంలో వేడి, ఆమ్లం పెరిగేకొద్దీ హిమోగ్లోబిన్ పట్టు సడలించి మరింత వదులుతుంది. పై మడి తడిపి కింది మడికి దిగే నీటిని మిర్యాలగూడ రైతు చెడు నీరంటాడా? నలుపు కూడా జబ్బు కాదు, ప్రాణవాయువు తగ్గిన హిమోగ్లోబిన్ రంగే అది.

పైగా గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఉండేది ఈ ముదురు నెత్తురే. అక్కడి నుంచి గుండెకు వచ్చే సిరల్లోది మంచి ఎరుపు. మంచి, చెడు అని నేర్చిన పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు. గుండె నుంచి పోయేది ధమని, గుండెకు మళ్లేది సిర అంటే చిక్కే లేదు.

వ్యాఖ్య (మహబూబ్‌నగర్ నుంచి): గడ్డ పగిలినప్పుడు "చెడు రక్తం పోయింది, ఇక తగ్గుతుంది" అంటాం కదండీ. దాన్నీ వదులుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ. చీము కలిసిన నెత్తురుకు అది పుట్టుపేరు లాంటిది, అక్కడే ఉండనివ్వండి. దాన్ని తెచ్చి సిరకు అంటగట్టడమే నాకు బాధ.

వ్యాఖ్య: మరి సిరలోదాన్ని ఏమనమంటారు? "ఆమ్లజని (ప్రాణవాయువు) రహిత రక్తం" అనా?

జవాబు: "రహిత" అంటే బొత్తిగా లేదని అర్థం వస్తుంది, ఆ లెక్కా తప్పుతుంది. నేను "మళ్లే నెత్తురు" అంటున్నాను. ఆ రాత్రి పెద్దమ్మకు అలాగే చెప్పాను. కాసేపు ఆలోచించి, "పనికి పోయి ఇల్లు చేరే నెత్తురా?" అని కంచం ముందుకు జరుపుకుంది.