షిరిడీ నుంచి నాసిక్ ద్రాక్షతోటలు, త్ర్యంబకం: రెండు రోజుల కారు ప్రయాణానికి సలహా కావాలి

ప్రశ్న: అంబాజీపేట కొబ్బరి రైతు

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో కాకినాడ రైలులో కుటుంబంతో షిరిడీ వెళ్తున్నాము. దర్శనం అయ్యాక తిరుగు రైలుకు రెండు రోజుల వ్యవధి ఉంది. కారు మాట్లాడుకుని నాసిక్ వైపు వెళ్లి రావాలని ఆలోచన. మా నాన్నగారికి డెబ్బై దాటాయి, గోదావరి పుట్టిన చోటు కళ్లారా చూడాలని ఎన్నాళ్లుగానో అంటున్నారు. నాకేమో అక్కడి వైన్ ద్రాక్షతోటలు చూడాలని ఉంది. తాగే అలవాటు లేదు, పంట ఎలా తీస్తారో చూడాలన్నదే ఆసక్తి. ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో వెళ్లదగిన చోటేనా? ఏది ముందు చూడాలి?

జవాబు: కడియం నర్సరీ

నిస్సంకోచంగా వెళ్లండి అన్నయ్యగారూ. మేము కిందటేడాది ఇదే దారిన వెళ్లాము. షిరిడీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు. మధ్యలో సిన్నర్ వస్తుంది, అక్కడ గోండేశ్వరాలయం దగ్గర కారు ఆపించండి. యాదవ రాజుల కాలపు నల్లరాతి గుడి. నడుమ శివుడు, చుట్టూ నాలుగు చిన్న గుళ్లు. ఆ రాతి పని చూడకుండా ముందుకు వెళ్తే తరువాత బాధపడతారు. సాయంత్రానికి పంచవటి, రామకుండం చూసుకుని నాసిక్‌లోనే బస చేయండి.

రెండో రోజు పొద్దున్నే త్ర్యంబకం, తోటలు మధ్యాహ్నం తరువాత. వైనరీలో తిరిగి గుడికి వెళ్దామంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు కదా. తిరుగు దారిలో గంగాపూర్ జలాశయం వైపు మళ్లితే సూలా, యార్క్ వంటి తోటలున్నాయి. ఒక్కటి చాలు, రెండోదానికి పరుగెత్తకండి. టికెట్టు తీసుకుంటే లోపల తిప్పి చూపిస్తారు. రుచి చూడటం మన ఇష్టం. కుటుంబాలు చాలానే వస్తాయి.

మీరు రైతు కనుక చెబుతున్నాను, తీగ మొదలు దగ్గర వంగి చూడండి. అంటు కట్టిన కణుపు స్పష్టంగా కనిపిస్తుంది. నేలలో ఉప్పును, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ అనే వేరు మొక్క మీద అంటు కట్టడం అక్కడ మామూలు. మేము చూసినచోట అంటు కట్టిన తీరు చాలా శుభ్రంగా ఉంది, నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఏడాదికి రెండు కత్తిరింపులు: వేసవిలో ఒకటి, అక్టోబరు ప్రాంతంలో మరొకటి. రెండోదాని తరువాతే పూత, కాపు. జనవరి నుంచి మార్చి వరకు కోత, కనుక మీరు వెళ్లేది సరైన సమయం. వైన్ ద్రాక్ష గుత్తి చిన్నది, పండ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. షిరాజ్ అనే ఎర్ర వైన్ రకం పండు ఒకటి నమిలి చూశాను: తోలు మందం, లోపల విత్తనాలు, తీపి వెనకే వగరు. ఎర్ర వైన్‌కు ఆ తోలుతోనే పులియబెడతారు, రంగంతా దానిలోదే. తెల్లదానికి ముందే పిండి రసం మాత్రం తీసుకుంటారు. మన లంక నేలల్లో ఈ తీగ పెడితే ఆకే విపరీతంగా పెరుగుతుందని నా అభిప్రాయం.

జవాబు: రాజోలు వశిష్ఠ

త్ర్యంబకంలో నాన్నగారిని గోదావరి పుట్టే బ్రహ్మగిరి కొండ ఎక్కించకండి. వందల మెట్లు, మోకాళ్లకు మంచిది కాదు. ఊళ్లోనే కుశావర్త తీర్థం ఉంది, గోదావరి నీటి కోనేరు, స్నానం అక్కడే. ధవళేశ్వరం ఆనకట్ట మీద అవతలి ఒడ్డు ఆనని నదిని చూసినవాళ్లం, అక్కడ అంత చిన్నగా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1,465 కిలోమీటర్లు నడిచి మన అంతర్వేదికి వచ్చేది ఆ నీరే. 2027లో అక్కడ కుంభమేళా, ఇక్కడ మన పుష్కరాలు. ఆ ఏడాది వెళ్లేటట్లయితే గది ముందే చూసుకోండి.

జవాబు: రావులపాలెం

ఒక్క మాట. సీసాలు కొని రైల్లో తేవద్దు. ఇతర రాష్ట్రాల మద్యం తేవడంపై నిబంధనలున్నాయి, పెద్దాయనతో ప్రయాణంలో చిక్కు ఎందుకు? దారి పక్కన పెట్టెల్లో అమ్మే తినే ద్రాక్ష కొనండి. డ్రైవరు రుచి చూడనని ముందే మాట ఇస్తేనే కారు మాట్లాడండి.

అంబాజీపేట కొబ్బరి రైతు

అందరికీ కృతజ్ఞతలు. సిన్నర్ పేరే నేను వినలేదు, అదీ చేర్చాను. కుశావర్తం సంగతి నాన్నగారికి చదివి వినిపించాను, కొండ ఎక్కనవసరం లేదని ఒప్పుకున్నారు. కడియం అమ్మా, ఆ అంటు కణుపు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? మా పనసకు కట్టే పద్ధతితో పోల్చి చూడాలి.