యూత్ ట్రిప్‌కు పోయే పిల్లల దగ్గర ఫోన్లు తీసి పెట్టుకోవడం కరెక్టేనా?

హంద్రీ ఒడ్డు:
అందరికీ వందనాలు. మాది కర్నూలు. మా సంఘం యూత్ వాళ్లు మే నెలలో వారం రోజులు హైదరాబాద్ పోతున్నారు. పగలు బస్తీ పిల్లలకు వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి), సాయంత్రం గాంధీ ఆసుపత్రి బయట పేషెంట్ల వెంట వచ్చినోళ్లకు భోజనాలు. మావాడు పదో తరగతి రాసినాడు, పోతానని ఒకటే గోల. సంతకం పెట్టమని కాగితం ఇచ్చినారు. దాంట్లో రెండే ముక్కలు: ఫోన్లు లీడర్లకు అప్పజెప్పాలి, ఏం జరిగినా సంఘానికి బాధ్యత లేదు. ఊరుగాని ఊరికి ఫోన్ లేకుండా పంపొచ్చా?

సి క్యాంపు బ్రదర్:
ఏండ్ల తరబడి యూత్‌ను తీసుకుపోతున్నా కాబట్టి చెప్తున్నా. ఫోన్ చేతిలో ఉంటే పరిచర్య జరగదు. ఒక చేత్తో అన్నం పొట్లం ఇస్తా ఇంకో చేత్తో రీల్ తీస్తారు. ఆకలితో ఉన్న ముసలామె మొహం తెల్లారేసరికి స్టేటస్‌లో ఉంటుంది. ఇది మర్యాదేనా? మన కాలంలో ఫోన్లు యాడున్నాయి? పోలేదా, రాలేదా? 91వ కీర్తన చదవండి, కాపాడమని దూతలకు ఆజ్ఞ ఇచ్చినాడు దేవుడు.

కల్లూరు అక్క:
ఆ కీర్తన మాటే దేవాలయ శిఖరం మీద సాతాను కూడా చెప్పినాడు బ్రదర్, దూకమని. యేసు దూకలేదు.

గుత్తి రోడ్డు:
అక్క ఒక్క మాటతో కొట్టింది.

కొత్త బస్టాండు:
ఫోన్ సంగతి తర్వాత. దేంట్లో పోతున్నారు? 2021 ఫిబ్రవరిలో వెల్దుర్తి దగ్గర టెంపో, లారీ గుద్దుకుని 14 మంది పోయినారు. అజ్మీర్‌కు పోతున్న మదనపల్లె వాళ్లు పాపం. 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయింది. రెండూ మన హైవే మీదే, రెండూ తెల్లారకముందే. రాత్రి పోతే ఒకపూట గది బాడుగ మిగులుతుందని టెంపో మాట్లాడతారు మనోళ్లు. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఉంది, హంద్రీ ఉంది. రైల్లో తీసుకుపోండి సామీ.

కల్లూరు అక్క:
మా తమ్ముడు పోయినేడు ఇదే ట్రిప్‌కు పోయినాడు. ఆటోలోంచి పులిహోర టబ్బు దించంగానే జనం మీద పడినారు. ఆ తోపులాటలో వీడు రోడ్డు అవతలికి పోయినాడు. ఫోన్ లీడర్ బ్యాగులో. దిగిన చోటు పేరు తెలీదు, నోటికొచ్చింది అమ్మ నంబరొక్కటే. టీ కొట్టాయన ఫోన్ అడిగి కర్నూలుకు చేస్తే, అమ్మ పాస్టరు గారికి చేస్తే, అప్పుడు లీడర్‌కు తెలిసింది ఒకడు తక్కువున్నాడని. తలకాయలు లెక్కపెట్టేది రాత్రి పడుకునేటప్పుడంట!

సి క్యాంపు బ్రదర్:
ఒకడు తప్పిపోతే అందరికీ ఫోన్లు ఇయ్యాలా? జేబులో అడ్రసు చీటీ పెడితే చాలు. దిగంగానే ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి లెక్కపెడతాం, ఒప్పుకుంటా. ఫోన్లు మాత్రం ఇయ్యం. రెండేండ్ల కింద ఒక్క స్క్రీన్‌షాట్‌తో సంఘం పరువు వీధిన పడింది, మీకందరికీ తెలీదు.

హంద్రీ ఒడ్డు:
ఏం స్క్రీన్‌షాట్ బ్రదర్? మీదీ మా సంఘమేనా?

కొత్త బస్టాండు:
టెంపోనా రైలా, ఎవరూ చెప్పరేంది?

కల్లూరు అక్క:
నేను చెప్తా, పేర్లు లేకుండా. పదహారేండ్ల పిల్లకు ట్రిప్‌లో అర్ధరాత్రి మెసేజ్‌లు. ‘నిద్ర పట్టడంల్యా, మెట్ల దగ్గరికి రా, ప్రార్థన చేసుకుందాం’ అని. ఒక రాత్రి కాదు, రోజూ. పంపింది లీడరే. ఆ పిల్ల మా పిన్ని కూతురు, వాళ్లమ్మకు చూపించింది. పెద్దలు కూర్చుని ఏం చేసినారు? ఆయన్ను కొన్నాళ్లు పాటల పుస్తకం పట్టుకోవద్దన్నారు. ఆడపిల్లల ట్రిప్ మాత్రం మొత్తానికే ఆపేసినారు, మగపిల్లల ఫోన్లు తీసేసుకున్నారు. రీల్స్ కోసమంట!

సి క్యాంపు బ్రదర్:
నోరు జారొద్దు సిస్టర్. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా గద్దించమని మత్తయి 18లో ఉంది. సంఘం మాట సంఘంలోనే తేలాల.

కోర్టు రోడ్డు:
ఆ అధ్యాయంలోనే ఆరో వచనం చదువు బ్రదర్. చిన్నవాళ్లను అభ్యంతరపరిచేవాని, అంటే పాపంలో పడేసేవాని, మెడకు తిరగటి రాయి కట్టే సంగతి. ఇక చట్టం. 2012 పోక్సో చట్టం 18 ఏండ్ల లోపు అబ్బాయికీ అమ్మాయికీ ఒకటే. లైంగిక ఉద్దేశంతో పదే పదే మెసేజ్ పెట్టడం 11వ సెక్షన్ కిందికి వస్తుంది. సంగతి తెలిసినోళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్. సంస్థ పెద్ద తన కిందివాడి సంగతి తెలిసీ దాస్తే ఏడాది దాకా జైలు, 21వ సెక్షన్. ‘బాధ్యత లేదు’ కాగితం దీని ముందు చిత్తు కాగితమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి పిల్లవాడికీ నోటికి రావాల.

సి క్యాంపు బ్రదర్:
అంటే సంఘం మీదికి పోలీసుల్ని పిలవమంటారు! ప్రార్థన పెట్టుకుంటేనే గొడవకొచ్చేవాళ్లు ఉన్నారు చుట్టూ. వాళ్ల చేతికి మనమే కర్ర ఇద్దామా? పల్లెల్లో చిన్న సంఘం నడిపేవాళ్ల భయం మీకేం తెలుసు?

కల్లూరు అక్క:
ఆ భయం నాకూ ఉంది, మా నాయన కూడా సంఘ కాపరే, పాస్టరే. అయితే మాత్రం ఆ భయానికి ధర మా చెల్లెలు కట్టాలా? ఆదివారం ఇప్పటికీ గుడికి రాదు ఆ పిల్ల. ఆయన వస్తాడు, ముందు వరసలో.

గుత్తి రోడ్డు:
ఫోన్ గొడవ అనుకుని వచ్చినా నేను.

హంద్రీ ఒడ్డు:
టెంపోనే అంట అన్నా, రాత్రి పదికి. కాగితం సంతకం లేకుండా వెనక్కి ఇచ్చినా. సి క్యాంపు బ్రదర్, ఒక్కటే అడుగుతా. ఆ లీడర్ ఈసారి కూడా పిల్లల వెంట వస్తున్నాడా?

సి క్యాంపు బ్రదర్:
అది పెద్దలు చూసుకుంటారు.