సర్పంచ్‌గా నిలబడి లోపలి నుంచి మార్చగలమా? బయటే ఉండి అడగాలా?

ప్రశ్న (కళ్యాణదుర్గం వైపు పల్లె):
అన్నలారా, మా ఊళ్లో నలుగురం పంచాయతీ ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్నాం. సమాచార హక్కు దరఖాస్తులు పెడుతూ బయటే ఉంటే మేలని కొందరంటున్నారు. గెలిస్తే సర్పంచ్ చేతిలో నిజంగా ఏముంటుంది?

జవాబు 1 (ఆదోని):
అజెండా, తీర్మానం, డిజిటల్ సంతకం. మూడోది అన్నిటికంటే పెద్దది. ఆర్థిక సంఘం డబ్బు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో, అంటే పంచాయతీ చెల్లింపులు జరిగే వెబ్‌సైటులో, కార్యదర్శి, సర్పంచ్ ఇద్దరి సంతకాలూ పడితేనే కదులుతుంది. కంప్యూటర్ రాదని ఆ సంతకం కీ, పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర వదిలేశారంటే పంచాయతీని వదిలేసినట్టే. రేపు రికవరీ నోటీసు వచ్చేది మాత్రం మీ పేరు మీదే.

బిల్లు పెట్టే ముందు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) తెప్పించి టేపు పట్టండి. సీసీ రోడ్డు పొడవులో మోసం తక్కువ, కంటికి కనపడుతుంది కాబట్టి. పోయేది మందం. 15 సెంటీమీటర్లు రాసి 10 పోస్తే మూడో వంతు కాంక్రీటు మిగిలిపోయింది. అంచున నిండుగా పోసి, నడుమ మట్టి ఎత్తు పెట్టేస్తారు. అందుకే కాంక్రీటు పోయకముందే ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం లాగి, నడుమ లోతు కొలవండి. గట్టిపడినాక ఎవరూ పగలగొట్టి చూడరు.

జవాబు 2 (ప్రొద్దుటూరు):
పై అన్న చెప్పింది నిజమే, కానీ దాంతో సరిపోదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. వాటిని పంచాయతీలకు ఇవ్వాలా వద్దా అన్నది 73వ సవరణ శాసనసభకే వదిలేసింది. డబ్బూ అంతే. 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతం పంచాయతీ ఇష్టమే అయినా జీతాలకు వాడకూడదన్నారు. కేరళలోనూ ఇదే రాజ్యాంగం. 1996లో అక్కడి ప్రభుత్వం ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని తీర్మానించింది. అదీ రాజకీయమే. ఎమ్మెల్యే ఓటడగడానికి వచ్చినప్పుడు ఈ 29 అంశాల సంగతి నిలదీయండి.

జవాబు 3 (అనంతపురం):
బయట ఉండటాన్ని తక్కువ చేయొద్దు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ 2005 చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభ చేతికే ఇచ్చింది. చట్టం చేసింది పార్లమెంటు, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివి దొంగ పేర్లు బయటపెట్టింది కూలోళ్లు. తిన్నట్టు తేలిన సొమ్ము పూర్తిగా వసూలు కాకపోవడమే బాధ. ఆ వసూలుకు లోపల మనిషి కావాలి.

సమాచార దరఖాస్తుకు మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "ఎందుకు చేశారు" అని అడిగితే జవాబు రాదు. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్, ఎం-బుక్ నకళ్లు సంవత్సరం రాసి అడగండి. జరిగే పనిని చూసే హక్కు, సామాన్ల నమూనా తీసుకునే హక్కు కూడా సమాచార హక్కు చట్టంలోనే ఉన్నాయి. 30 రోజుల్లో రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇద్దరు లోపల, ఇద్దరు బయట?

జవాబు 1:
ముందు వార్డులు లెక్కేసుకోండి. సర్పంచ్ మీవాడై వార్డు సభ్యుల్లో ఎక్కువమంది అవతలివాళ్లయితే తీర్మానం నెగ్గదు, ఉపసర్పంచ్ కూడా వాళ్లవాడే అవుతాడు. సగానికి పైగా వార్డుల్లో మనుషులు దొరికినాకే నామినేషన్ మాట.